రథచక్రానికి గంధం

ఎనభైల చివర్లో నల్లగొండలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. నుదుట నామం లేకుండా ఏనాడూ గడప దాటలేదు. రామన్నపేట వైపు ఒక గుట్ట మీద నరసింహస్వామి గుడి ఉంది. ఆ గుడి కమిటీ వాళ్లు స్థలచరిత్ర రాయమని నా దగ్గరికొచ్చారు. నా పాండిత్యం చూసి వచ్చారనుకున్నాను. వాళ్లు చూసింది నామాన్ని.

గుట్ట కింద ఒక దర్గా ఉంది. దాన్ని చూసుకునే ముజావర్ కుటుంబం జాతర నాడు గంధం నూరి పైకి తెచ్చేది. ఇంటి పెద్ద దాన్ని రథచక్రానికి పూశాకే జనం మోకు పట్టేవాళ్లు.

ముందు పూజారిని అడిగాను. గుడి కాకతీయుల నాటిదని వాళ్ల తాత చెప్పాడట. శాసనమేదీ లేదు. 'స్థానిక సంప్రదాయం ప్రకారం' అని రాసుకున్నాను. తర్వాత ముజావర్ ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి చాయ్ ఇచ్చారు. ఏకాదశి అని చెప్పి తాగలేదు. ఆ రోజు ఏకాదశి కాదు.

"మా చాయ్ జూస్తే సార్లందరికి ఏకాదశే యాదికొస్తది," అని లోపలి నుంచి ఆయన భార్య నవ్వింది.

"జర ఊకో నువ్వు," అని ముజావర్ ఆమెను కసిరి నా వైపు తిరిగాడు. "గుడి కట్టిన నాటి సంది గంధం మాదే సారూ. మా తాత చెప్పిండు. గదొక్కటి రాయుండ్రి, చాలు."

నేనేం రాశానంటే, ఈ ఆచారం నిజాం కాలంలో ఒత్తిడి వల్ల చేరి ఉండవచ్చు, ఇది ప్రాచీనమనడానికి ఆధారాలు లేవు. నాకు దొరికినవి ఇద్దరు తాతల మాటలే. ఒకరిది సంప్రదాయమైంది, ఇంకొకరిది పుక్కిటి కథ. 'ఉండవచ్చు' అన్న మాట చాటున నా భక్తిని దాచి, దానికి నిష్పాక్షికత అని పేరు పెట్టుకున్నాను.

మరుసటి జాతరలో నాకు శాలువా కప్పి, ఆ వాక్యాన్ని మైకులో చదివారు. గంధం గిన్నెతో వచ్చిన ముజావర్‌ను మెట్ల మీదే ఆపారు. ఆయన వాళ్లను తప్పించుకుని నా ముందుకొచ్చాడు.

"మీరు గట్ల రాసిన్రా సారూ? రాయలేదని ఒక్క మాటనుండ్రి."

"ఆధారం చూపిస్తే మారుస్తాను."

"గంధం చేతులనే ఉన్నది. ఇంకేం జూపియ్యాలె?"

నేను తల తిప్పుకున్నాను. ఆయన దిగి వెళ్లిపోయాడు. గంధం అంటకపోతే రథం కదలదేమోనని నాకూ లోపల భయమే. సాఫీగా కదిలేసరికి గెలిచినట్టనిపించింది. చరిత్ర రాసేవాడికి అక్కడ గెలుపేమిటని ఆ పూట తోచలేదు.

తొంభైల్లో పుస్తకం మళ్లీ వేస్తామన్నారు. ఇద్దరు తాతల మాటలకూ ఒకే విలువ అని దిద్ది ఇచ్చాను.

"సల్లారిన లొల్లి మల్ల ముట్టిస్తరా సార్?" అని కమిటీ పెద్ద నవ్వేసి పాతదే అచ్చేయించాడు. దాని మీద నా పేరైనా తీసేయమని నేను గట్టిగా అడగలేదు.

దిద్దిన సంగతైనా చెబుదామని దర్గా దగ్గరికి వెళ్లాను. ముజావర్ అప్పటికే పోయాడు. చౌటుప్పల్ ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"మీరిప్పుడేం రాసినా మేం గుట్టెక్కం సారూ. ఆ మెట్లు మా అబ్బా ఎట్ల దిగిండో నేను జూసిన."

ఆ పుస్తకం ఇప్పటికీ జాతరలో అమ్ముతున్నారు. కొత్తగా వచ్చేవాళ్లకు గంధం గురించి నేను రాసిందే తెలుసు.