రేడియేటరు తాగిన తొమ్మిది బొండాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఉందంటే నమ్మేవాణ్ణి కాదు. రాజోలులో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు ఉష్ణం గురించి పాఠాలు చెప్పేవాణ్ణి మరి! మూడో నెలలోనే ఒక ముసలి కారు కొన్నాను. తాళం తిప్పితే కొబ్బరి కోరుతున్నట్టు కర్రుమనేది. నాలుగైదు సార్లు కోరాక గానీ ఇంజను అందుకునేది కాదు. "బ్యాటరీ అయ్యుంటదండి" అన్నాడు పాలాయన. "ఆయిలు మార్చండి" అన్నారు మా కాలేజీ గుమాస్తాగారు. "దిష్టండీ బాబూ" అన్నారు మా ఇంటావిడ (అంటే ఇల్లు అద్దెకిచ్చినావిడ, నాకింకా పెళ్ళి కాలేదు). అందరికీ "ఆయ్, అలాగేనండీ" అన్నాను, అన్నీ చేశాను. మోత మోతలాగే ఉంది. ఆ వారంలోనే, ఇంజను వేడెక్కినప్పుడు ముందువైపు నుంచి వచ్చే ఒక హోరు మాత్రం ఆగిపోయింది. దిష్టికని ముందు కట్టిన నిమ్మకాయ పనిచేస్తోందని సంతోషించాను.

అప్పుడే అంతర్వేది దగ్గర ఉండే మా బావగారు, అంటే అక్క భర్త, సెలవు ముగించుకుని దుబాయి బయల్దేరారు. మధ్యాహ్నం రాజమండ్రిలో రైలు, మర్నాడు హైదరాబాదులో విమానం. చెప్పిన రోజుకి చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. టాక్సీ మాట్లాడుకుంటానంటే నాకు రోషం వచ్చింది. "నా కారుండగా టాక్సీ ఏంటండీ బావగారూ!"

పొద్దున్నే వాళ్ళింటి ముందు కారు ఆపాను గానీ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదోనని భయం. మా వైపు సాగనంపడమంటే తెలుసుగా! అక్క ఆవకాయ సీసాకి ఇంకో గుడ్డ చుట్టింది. పక్కింటివాళ్ళు పూతరేకులు తెచ్చారు. అన్నీ సర్దాక, శకునానికి ఎదురు రావలసిన పెద్దమ్మగారు స్నానానికి వెళ్ళారని తెలిసింది. గంట గడిచింది. "ఇంజనాపేయ్ బావా, పెట్రోలు దండగ" అన్నారు బావగారు. "వేడిగా ఉంటేనే దానికి మంచిదండీ" అన్నాను, మాస్టారి గొంతుతో.

బయల్దేరిన రెండు నిమిషాలకే ముందు నుంచి ఆవిరి పొగలు కమ్మేశాయి. వేసవి కదా, కాలవలు కట్టేశారు, చుక్క నీరు లేదు. పక్క తోటలో మనిషిని చెట్టెక్కించి కొబ్బరి దింపు తీయిస్తున్న రైతు పరుగున వచ్చారు. బోరు నీళ్ళు అడిగితే, "ఇక్కడ బోరు ఉప్పండి బాబూ, తుప్పట్టేత్తది. బొండాలు కొట్టిత్తాను, ఆగండి" అన్నారు. తాళం తిప్పి వినిపిస్తే, మోత వల్లే వేడెక్కిందని ఆయన, వేడి వల్లే మోతని దింపు తీసేవాడు. నాకేమీ అర్థం కాక ఇద్దరికీ ఆయ్ అన్నాను. కాస్త చల్లారాక తుండుగుడ్డతో రేడియేటరు మూత తిప్పి తొమ్మిది బొండాల నీళ్ళు పోశాను. కర్రుమంటూ కారు కదిలింది. మలుపు తిరిగేసరికి కొబ్బరిపాకం వాసన, వెనకే బానెట్ సందుల్లోంచి తెల్లటి నురగ. కారు మళ్ళీ ఆగింది.

బావగారు కోప్పడలేదు. వాచీ చూసుకుని, "ఉద్యోగం పోద్దేమో బావా" అన్నారు మెల్లగా. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అదృష్టం బావుండి ఆ రైతుగారి కాయల వ్యాను రాజమండ్రి బయల్దేరుతోంది. పెట్టె కాయల మీద, బావగారు డ్రైవరు పక్కన. రైలు కదలడానికి రెండు నిమిషాల ముందు ఎక్కారట.

కారును రాజోలు లాక్కెళ్ళాక మెకానిక్కు మూత తీసి వాసన చూశాడు. "ఇందులో ఏం వండేరండీ మాస్టారూ?" అన్నాడు. తర్వాత తేల్చాడు: స్టార్టరు పళ్ళు అరిగిపోయాయి, అందుకే ఆ మోత. ఫ్యాను ఫ్యూజు పోయింది, ఆగిపోయిన హోరు అదే. కదలని కారులో గంటసేపు ఇంజను తిరిగితే, ఫ్యాను లేకుండా నీళ్ళు మరిగిపోతాయి. "దానికీ దీనికీ సంబంధం లేదండి." ఉన్న సంబంధమల్లా నేనే.

వారం తర్వాత దుబాయి నుంచి ఫోను వచ్చింది. క్షమాపణలు మొదలుపెట్టబోతే బావగారు ఆపారు. "అది కాదు బావా. ఎండలో నోరెండిపోయి పక్కనే నించున్నాను. తొమ్మిది కొట్టించేవు. ఒక్కటి నాకిద్దామనిపించలేదా?"

ఇప్పుడున్న నా కొత్త కారు మీట నొక్కితే చప్పుడు లేకుండా అందుకుంటుంది. బావగారు సెలవుకి వచ్చినప్పుడల్లా, కారెక్కే ముందే ఆయన చేతికి బొండం ఇస్తాను. సగం తాగి బానెట్ వైపు చూస్తారు.

"మిగతాది దానికి పొయ్యమంటావా, బావా?"