నిగనిగలాడే రోగులు

ఆ రోజుల్లో నాకు మైక్రోస్కోపు మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఏలూరులో చేపల రోగాలు తేల్చే ల్యాబులో కొత్తగా చేరాను. కొల్లేట్లో కొరమీనులు పుళ్ళు పడి చచ్చిపోతున్నాయనీ, కొనేవాళ్ళు రావడం మానేశారనీ ఒక లంక గ్రామం పెద్దాయన శాంపిళ్ళు పంపారు. చూస్తే నిగనిగలాడుతున్నాయి. పరీక్షకి పోగా మిగిలినవాటిని మా అటెండరు పులుసు పెడితే (ఇప్పుడైతే చెప్పుకోవచ్చు) మారు అడిగి మరీ తిన్నాను గానీ, ఇంత రుచైన రోగులు ఎక్కడైనా ఉంటారా అన్న అనుమానం రాలేదు. ‘ఏ రోగమూ లేదు’ అని రాసి, సంతకం కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడో రోజు పొద్దున్నే పెద్దాయన ఫోను. రోగం కాకపోతే విషమేనని ఊళ్ళో తేల్చేశారట. పక్క చేపల చెరువు నుంచి వచ్చే మురుగే దానికి కారణమని, నా కాగితం పట్టుకుని ఆ చెరువు గట్టు తెంపడానికి బయల్దేరారట. మైక్రోస్కోపు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పడ్డాను. గట్టు మీద ఇటు ఊరివాళ్ళ చేతుల్లో పలుగులు, అటు చెరువు మనుషుల చేతుల్లో కర్రలు, మధ్యలో నేను. ఒక్క పలుగు గట్టులో దిగితే తలలు పగలడం ఖాయం. జబ్బు చేపలేవని అడిగాను. పెద్దాయన ఒక బుట్ట తెచ్చారు. అన్నిటికీ ఒళ్ళంతా ఎర్రటి పుళ్ళు.

“ఇవి నాకెందుకు పంపలేదండీ?”

“ఆఫీసుకి పుళ్ళు పడ్డ చేపలు ఎలా పంపుతామండీ? అందులోనూ కొత్తగా వచ్చిన అమ్మాయిగారు. మంచివి ఏరి ఏరి పంపామండీ,” అన్నారాయన నొచ్చుకుంటూ.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తప్పు ఆయనది కాదు. ఎలాంటివి పంపాలో నేను చెప్పనే లేదు. గట్టు మీదున్న చేపల ఐసు పెట్టె బోర్లించి, దాని మీద మైక్రోస్కోపు పెట్టి, పుండు కింది కండ ముక్కని నలిపి చూశాను. తొందరలో రెండు గాజు పలకలు పగిలాయి. మూడోదాంట్లో కండ నిండా సన్నటి దారాలు కనిపించాయి. అది బూజు, చలికాలంలో చేపలకి పట్టే రోగం. విషం కాదని చెబితే ఎవరూ నమ్మలేదు (మొన్న నా కాగితాన్ని నమ్మినందుకే కదా ఇదంతా). మీరే చూడండని ఒక్కొక్కరినీ పిలిచాను. వంగి కన్ను పెట్టాలంటే చేతిలోది కింద పెట్టాలి. అలా పలుగులూ కర్రలూ ఒక్కటొక్కటే నేల మీదికి చేరాయి.

చివర్న పెద్దాయన చూసి, మందేమిటని అడిగారు. కొల్లేరంతటికీ మందు పోయలేమనీ, ఎండలు ముదిరితే అదే తగ్గుతుందనీ చెప్పాను.

“అంటే మీరు రాకపోయినా తగ్గేదేనాండీ?”

చేపలకైతే తగ్గేదేనండీ, మనుషులకే తగ్గేది కాదు అని ఇప్పుడైతే ఠక్కున చెబుదును. అప్పటి ఆ పిల్ల మాత్రం మైక్రోస్కోపు అద్దం తుడుచుకుంటూ తలొంచుకుని నిలబడింది, పాపం.