చెరకాకు ముడి

నా భార్య పొద్దున్న నన్ను దేవుడనేది, మధ్యాహ్నానికి నా అంత కసాయి లేడనేది. రెండూ మనసారానే అనేది. చెరకుతోటల్లో ఒప్పందం కూలీకి సముద్రం దాటి వచ్చే ఓడలో పరిచయమై, నవువాలో కూలీ లైన్లనే వరస కొట్టాల్లో ఒక గదిలో కాపురం పెట్టాం. పలచటి చెక్కగోడకు అవతల ఉన్నవాళ్లకు మా పోట్లాటలన్నీ కంఠతా వచ్చు.

ఆమెకు ఉన్నది ఒకటే భయం, నేను వదిలేసి పోతానని. కాస్త ఆలస్యమైతే చాలు, ముందు తిట్లు, తర్వాత ఏడుపు, ఆపైన తన చేతుల్ని తానే రక్తం వచ్చేలా గీరుకోవడం. ఆ గీతల మీద నేను కొబ్బరినూనె రాస్తుంటే ఒళ్లో తలపెట్టి పడుకునేది. దయ్యం పట్టిందని కొందరు, పొగరని కొందరు అన్నారు. నాకు మాత్రం ఆమె లేకుండా ముద్ద దిగేది కాదు.

కలుపు తీత ముగించుకుని రోజూ నన్ను వెతుక్కుంటూ వచ్చేది. నిలువెత్తు చెరకులో మనిషి కనపడడు. కనపడకపోతే పారిపోయానని గోల. అందుకని నేను ఏ సాలులో దూరితే ఆ సాలు మొదట్లో రెండు పచ్చి ఆకులు కలిపి ముడివేసేవాణ్ణి. ముడి చూస్తే గట్టు మీద నిమ్మళంగా కూర్చునేది. పని చేయించే సర్దారు చూసి నవ్వేవాడు. నవ్వనీ.

ఒక ఆదివారం పక్క లైనుకి గడ్డం గీయించుకోవడానికి వెళ్లి, కబుర్లలో పడి, అన్నం చల్లారాక వచ్చాను. కుండ బయటికి గిరాటేసింది.

"నువ్వు నన్నొగ్గేసి ఎల్లిపోతావు. నానే ముందెల్లిపోతాను" అంది.

నాకూ ముక్కు మీదే కోపం. పోతే పో అన్నాను. అనకూడని మాట అదొక్కటేనని తెలిసీ అన్నాను.

మూట కట్టుకుని వెళ్లిపోయింది. కాసేపు బింకంగా కూర్చున్నాను. సోమవారం పొద్దున్న హాజరుకు లేకపోతే, ఒప్పందం తప్పిందని ఆమెకు జైలే. అంతకన్నా, ఆ చేతులు గుర్తొచ్చాయి. ఏటి దగ్గరికి పరిగెత్తాను, లేదు. లైన్ల వెనక్కి వచ్చేసరికి కొండదారి మొదట్లో గడ్డి ముడివేసి కనబడింది. పది అడుగుల్లో ఇంకోటి. దారి చీలినచోట, నేను మొద్దునని తెలుసు కాబట్టి, రెండు ముడులు. అంత కోపంలోనూ వంగి వంగి వేసుకుంటూ పోయింది. ఏడుస్తూనే నడిచాను.

కొండవాగులో కాళ్లు పెట్టుకుని, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నావైపు తిరగలేదు.

"ఇన్ని ముడులేసినాను, ఇంత ఆలీసమేటి?" అంది.

ఇంకెప్పుడూ పొమ్మననని చెప్పాను. నమ్మలేదు, అయినా లేచింది. తిరుగుదారిలో ఆమె ముడులు విప్పబోతుంటే, ఉండనీయవే, మళ్లీ పనికొస్తాయన్నాను. మూటతో వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత నా చేయి పట్టుకుని, లైన్లు వచ్చేదాకా వదల్లేదు.