రాజవ్వ పీకించుకున్న పన్ను

కామారెడ్డిలో మా వీధి మలుపు దగ్గర ఒక ఇంటి అరుగు మీద ఇప్పటికీ బీడీలు చుడతారు. నానబెట్టిన తునికాకు, తంబాకు కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా నాలుక తనంతట తానే పై దవడ పన్ను మీదికి పోతుంది. పన్ను భేషుగ్గా ఉంది. గుర్తొచ్చేది రాజవ్వ.

నేను పెళ్లయి ఎల్లారెడ్డికి వచ్చిన కొత్తలో ఆమె మా పక్కింట్లో ఉండేది. ఒళ్లో చాట పెట్టి నాకు బీడీలు చుట్టడం నేర్పింది ఆమే. ఆకు కత్తిరించడం నుంచి అత్తగారిని నవ్వించడం దాకా ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక ఉపాయం ఉండేది. అందులో కొన్ని తప్పులని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. పంటి నొప్పికి ఆమె మందు చాటలోని చిటికెడు తంబాకు. "పుచ్చిన కాడ ఒత్తి పెట్టు పిల్లా, నొప్పి పారిపోతది," అనేది. ఇంకో మాట కూడా ఆమెదే: "కింది పన్నయితే సరే గని, పై పన్ను పీకిస్తే కన్ను పోతది."

నా పై దవడ పన్ను పుచ్చినప్పుడు ఆ రెండూ నమ్మి నేను నెలల తరబడి తంబాకు ఒత్తుకున్నాను. తిమ్మిరెక్కి కాసేపు హాయిగా ఉండేది, ఆ తర్వాత నొప్పి రెట్టింపై వచ్చేది. చివరికి ఒకరోజు చెంప బూరెలా ఉబ్బింది. అన్నం మింగలేను, తల వంచితే కణత దాకా పోటు. రాజవ్వ నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది. "గిది తంబాకుతోని పొయ్యేది కాదు. నడువు, కామారెడ్డి పోదాం," అంది. బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. నొప్పికి కాదు, కంటి కోసం. చూపు పోతే బీడీలు ఎలా చుట్టాలి, ఎలా బతకాలి?

పళ్ల దవాఖానలో నేను కుర్చీ ఎక్కనన్నాను. "పై పన్ను మేడం, కన్ను పోతది," అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. "పంటి నరం వేరు, చూపు నరం వేరమ్మా. పన్ను తీస్తే కన్ను పోదు. తంబాకు నొప్పిని కాసేపు మరిపిస్తది గని పుచ్చు లోపలికి పోతనే ఉంటది, చిగుళ్లు సుత పాడైతయి. నొప్పి లేస్తే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, జల్ది దవాఖానకు రావాలె," అంది. విన్నాను గానీ నమ్మలేదు. కుర్చీ ఎక్కలేదు.

అప్పుడు రాజవ్వ కొంగు నడుముకు దోపి, నన్ను పక్కకు నెట్టి, తానే కుర్చీ ఎక్కింది.

"ముందుగాల నాది చూడు బిడ్డా. నాదీ పై పన్నే."

తన పండ్లు రాళ్లని ఊరంతా చెప్పుకునే మనిషి! తీరా చూస్తే దవడ పన్ను లోపలంతా డొల్ల, దాని నిండా తంబాకు. పీకక తప్పదంది డాక్టరమ్మ. సూది పొడిచి పన్ను తీస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టి ఆమె కంటినే చూస్తున్నాను. పని అయ్యాక రాజవ్వ నోట్లో దూదితోనే, పన్ను పోయిన వైపు కన్ను తెరిచి, రెండోది మూసి, నన్ను ఎగాదిగా చూసింది. "నీ పాపట్ల పేను పోతున్నది పిల్లా," అంది. డాక్టరమ్మ చేతిలోది కింద పెట్టి మరీ నవ్వింది. నేను కూడా వాచిన చెంపతోనే నవ్వి, కుర్చీ ఎక్కాను.

తమాషా ఏమిటంటే, నా పన్ను పీకాల్సిన పనే లేకపోయింది. వాపు తగ్గడానికి మందులిచ్చి, తర్వాత లోపల శుభ్రం చేసి నింపారు. "నీ పన్ను నీకే ఉండె, నాదే పాయె," అని రాజవ్వ వాడకట్టంతా నన్ను తిట్టుకుంటూ తిరిగింది.

ఏళ్ల తర్వాత మేము కామారెడ్డికి మారుతున్న రోజు, సామాను మూట కట్టడానికి వచ్చిన ఆమెను అడిగాను. "అవ్వా, ఆ రోజు డాక్టరమ్మ మాట మీద నీకు అంత నమ్మకం ఎట్ల కుదిరింది?"

"నమ్మకమా? నా కన్ను పోతదనే అనుకున్న," అంది మూట ముడి బిగిస్తూ. "నేనైతే చూడకుంట సుత బీడీలు చుడుత. నువ్వు చూసుకుంట చుట్టినా వంకరనే చుడుతుంటివి."

రాజవ్వ ఇప్పుడు లేదు. మా వీధిలో ఎవరైనా దవాఖాన మెట్ల దగ్గర బిగుసుకుపోతే, భయమేం లేదని నేను చెప్పను. భయం నాకూ ఉంటుంది. ముందు వెళ్లి కుర్చీలో నేను కూర్చుంటాను.