మూఢంలో కనబడ్డ శుక్రుడు

మా సన్నాయి బాబాయిగారు పోయారని మొన్న పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. మూఢం వెళ్ళాక మొదటి పెళ్ళికి వాయించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి అరుగు మీద నడుం వాల్చారట. మళ్ళీ లేవలేదు. "పెళ్ళి మాత్రం పూర్తిచేసే వచ్చారే," అని అమ్మ భోరుమంది. ఆయన మాకు చుట్టమేం కాదు. మా ఇంటి ముందు పంటకాలవకి అవతలి గట్టున ఉండేవారు. ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయిగారనే పిలిచాను కాబట్టి, నేనూ సొంత మనిషిలాగే ఏడ్చాను.

ఆయన సన్నాయి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఆయన దగ్గర ఆకాశం నేర్చుకున్నది మాత్రం మా వీధి పిల్లలం నలుగురైదుగురమే. చదివింది ఏడో తరగతి. అయితేనేం, నిడదవోలులో పెళ్ళికి వెళ్తే ముహూర్తం లోపు లైబ్రరీలో దూరి, పేపర్లలో గ్రహాల గురించి పడిన ప్రతి ముక్కా చేత్తో రాసుకుని తెచ్చుకునేవారు. ఈ పిచ్చికి కారణం మూఢమే. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా చేరి కంటికి కనబడకుండా పోయే రోజుల్లో మనవాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు కదా. పెళ్ళిళ్ళు లేకపోతే ఆయన సన్నాయి సంచి దాటదు. "ముప్పై ఏళ్ళుగా నా నోరు మూయిస్తున్నవాడు అసలెక్కడికి పోతున్నాడో తెలుసుకోవద్దేంటమ్మా?" అనేవారు.

తెలుసుకున్నారు, మాకూ చెప్పారు. పెద్ద పళ్ళెంలో చిన్న పళ్ళెం పెట్టి మధ్యలో నిమ్మకాయ ఉంచేవారు. నిమ్మకాయ సూర్యుడు. చిన్న పళ్ళెం అంచు శుక్రుడు తిరిగే దారి, పెద్ద పళ్ళెం అంచు మనం తిరిగే దారి. "పెట్రోమాక్సు లైటు ముందు దోమ ఎగిరితే కనబడుద్దా? కనబడదు. అలాగని చచ్చిపోయిందంటామా? మూఢమూ అంతే." మరి మనకీ సూర్యుడికీ మధ్య నుంచి వెళ్ళినప్పుడల్లా సూర్యుడి మీద నల్లచుక్కలా కనబడాలి కదా అని ఒకసారి నేనడిగాను. ఎంత మురిసిపోయారో! వెంటనే చిన్న పళ్ళెం కింద ఒక చింతగింజ దూర్చారు. పళ్ళెం ఓ పక్కకి వాలింది. "దారి కాస్త వాలుగా ఉందమ్మా. అందుకే సూర్యుడికి పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు దొంగ వెధవ. తిన్నగా ఎదురుపడేది మనిషి జన్మకి ఒకటి రెండు సార్లే."

ఆ రోజు 2004 జూన్‌లో వచ్చింది, పట్టపగలు. అప్పుడు నేను పురిటికి పుట్టింట్లో ఉన్నాను. నెల ముందు నుంచీ ఆయనకి అదే ధ్యాస. "ఈసారి వాణ్ణి నా కళ్ళతో చూసి తీరాలమ్మా. మళ్ళీ ఎనిమిదేళ్ళకి ఒకటుందట, అప్పటికి ఉంటానో లేదో. అదీ దాటితే నూరేళ్ళ పైమాటే."

తీరా ఆ రోజు వచ్చేసరికి, సూర్యుడికి ఏదో అడ్డొస్తుందట అని తెలిసి వీధి వీధంతా దాన్ని గ్రహణం కింద జమకట్టేసింది. ఆవకాయ జాడీల మీద దర్భలు వేశారు. అమ్మ నన్ను గదిలో పెట్టి తలుపులూ కిటికీలూ బిగించింది. బీఎస్సీ చదివి బళ్ళో సైన్సు చెప్పే నేను, బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందన్న మాట వినగానే కిక్కురుమనలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ బిడ్డకిప్పుడు అయిదేళ్ళు, దాని నోరు ఒక్క క్షణం మూతపడదు.

బాబాయిగారు గుమ్మంలోకి వచ్చారు. "వదినగారూ, ఇది గ్రహణం కాదండి, మూఢం. మూఢంలో పెళ్ళిళ్ళాగుతాయి గానీ పురుళ్ళాగుతాయేంటండీ?"

"ఏమోనండి బాబూ, పిల్ల మాత్రం గడప దాటడానికి వీల్లేదు," అంది అమ్మ.

"దాటక్కర్లేదండి. సూర్యుణ్ణే లోపలికి పంపిస్తాను. మీరు అన్నీ బిగించి మంచిపని చేశారు, నాకు కావాల్సింది చీకటే. కాలవ వైపు కిటికీ రెక్క ఒక్కటి బెత్తెడు తియ్యండి చాలు."

సూర్యుడు లోపలికి రాకూడదన్న మాట అమ్మ ముందుగా అనుకోలేదు. కిటికీ తీసింది.

కాలవకి ఇంకా నీళ్ళు వదల్లేదు. ఆయన అవతలి గట్టుకి పోయి, మీసం దువ్వుకునే చిన్న అద్దాన్ని మన్నుముద్దలో గుచ్చారు. దాని మీద ఆగిపోయిన పెళ్ళి తాలూకు శుభలేఖ ఒకటి కప్పి, కందిగింజంత చిల్లు పెట్టారు. "అద్దంకేసి చూడకండి, గోడకేసే చూడండి!" అని అక్కణ్ణుంచే కేకేశారు. చీకటి గదిలో మా గోడ మీద సూర్యుడు వచ్చి నిలబడ్డాడు. అన్నం పళ్ళెమంత గుండ్రంగా, పాలిపోయి, నీళ్ళలో ఉన్నట్టు మెల్లగా ఊగుతున్నాడు. అందులో ఓ వారగా, మిరియపు గింజంత మసక చుక్క.

"కనబడ్డాడామ్మా?"

"కనబడ్డాడు బాబాయిగారూ!"

"అది మన భూమంత ఉంటుందమ్మా! గోదారీ సముద్రమూ, నువ్వూ నేనూ, అన్నీ కలిపితే అంత!"

నేను పొట్ట మీద చెయ్యి వేసుకుని అలాగే చూస్తూ కూర్చున్నాను. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలుపు తోసుకుని వచ్చి, గోడ ముందు చతికిలబడ్డారు. చుక్క జరుగుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా జరుగుతోంది. కాలం కూడా దానితోపాటే నడుస్తున్నట్టుంది.

సూర్యుడు మాత్రం ఆగడు కదా. అద్దాన్ని నిమిషానికోసారి సర్దకపోతే గోడ మీద వెలుగు జారిపోతుంది. నెత్తిన తువ్వాలేసుకుని ఆయన ఆ ఎండలో అక్కడే కూర్చున్నారు. "ఎక్కడున్నాడు? ఏం చేస్తున్నాడు?" అని అడగడం, మేము చెప్పడం. నాలుగు దాటాక, చుక్క అంచు దగ్గరికి చేరాకగానీ నా బుర్రకి తట్టలేదు.

"అమ్మా, బాబాయిగారు చూడనేలేదే!"

అమ్మ లేచింది. గొడుగు తీసుకుని ఎండిన కాలవలోకి దిగింది. అవతలి గట్టు నుంచి మాటలు వినబడ్డాయి.

"ఎలా తిప్పాలో చూపించి మీరెళ్ళండి."

"మీరా వదినగారూ? గ్రహణమన్నారు కదండీ!"

"మూఢమని మీరేగా అన్నారు! వెళ్ళండి బాబూ, వాడు పోతాడు!"

బాబాయిగారు పరుగున వచ్చారు, మోకాళ్ళదాకా దుమ్ము. ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి వచ్చేసరికి ఆయనకేమీ కనబడలేదు. తడుముకుంటూ గోడ దగ్గరికి పోయి, ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి వెతుకుతున్నారు. మేమంతా ఒక్కసారి గొల్లుమన్నాం.

"బాబాయిగారూ, శుక్రుడు మీ వీపు మీదున్నాడండీ!"

ఆయన ఇటు తిరిగారు. చెమటకి తడిసిన బనీను మీద, సరిగ్గా రొమ్ము మీద, సూర్యుడు పడ్డాడు. తల వంచి చూసుకున్నారు. చుక్క అంచున, ఇంకాసేపట్లో జారిపోయేలా ఉంది. రెండు చేతులూ దాని కిందికి తెచ్చారు, తాకలేదు.

"కనబడ్డాడా అండీ?" అవతలి గట్టు నుంచి అమ్మ అరిచింది.

ఆయన, రొమ్ము కదిలితే చుక్క చెదిరిపోతుందని ఊపిరి బిగబట్టి ఉన్నారు.