మా దొడ్డమ్మ కాళ్ళ తిమ్మిర్లు

పోయిన నెల విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ నా కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, "కళ్ళు మూసుకోండి ఆంటీ, తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. చేతిలో గాలానికి కట్టే దారంలాంటి సన్నటి పోగు ఉంది. బొటనవేలు, అరికాలు, మడమ, అన్నిచోట్లా తగిలింది, చెప్పాను. పది రోజులుగా కాళ్ళమీద చీమలు పాకుతున్నట్టుంటే ఏ నరాల జబ్బో అని బెంగపడి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ఆ పిల్ల రక్తపరీక్ష కాగితాలు చూసి, ఏదో విటమిన్ తక్కువైంది, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది అంది. సంతోషించాల్సిన మాటే. బయటికొచ్చి బెంచీమీద కూర్చున్నాక మాత్రం మా దొడ్డమ్మ గుర్తొచ్చింది.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. తొంభైల మొదట్లో, ఇంటర్ చదవడానికి దేవరాపల్లి దగ్గర మా ఊరినుంచి చోడవరం వచ్చి రెండేళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను. పెదనాన్న షుగర్ ఫ్యాక్టరీలో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. వడ్డాది రోడ్డు పక్కన ఎకరంన్నర చెరకు ఉండేది. దాని బాగోగులు దొడ్డమ్మవే. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "పక్కింటోళ్ళ పిల్లల్ని తిట్టుకోడానికే నాకు పొద్దు సాల్దు, ఇంక సొంతోళ్ళు కూడానా" అనేసేది. ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగు నెలల్లో ఊరంతా తియ్యగా, కాస్త పులిసినట్టుండే వాసన. ఉతికి ఆరేసిన పరికిణీలకి కూడా పట్టేది. పొద్దున్నే ఆ వాసనలో నన్ను గడపమీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె మాడుకి పట్టించి, దొడ్డమ్మ జడ వేసేది. ఎంత బిగించి వేసేదంటే నా కనుబొమలు పైకి లేచిపోయేవి. కాలేజీలో మొదటి పీరియడంతా నేను పాఠానికి ఆశ్చర్యపోతున్నట్టే కనబడేదాన్ని.

రెండో ఏడు వానలు తగ్గాక మొదలైంది. "ఏటోనే, కాళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయి, అరికాళ్ళ కింద ఇసకేసినట్టుంది" అంది ఓ సాయంత్రం. పక్కింటావిడ వాయువంది. నువ్వులనూనె కాచి రాసింది. ఇంకొకావిడ చెప్పిందని కొన్నాళ్ళు దొడ్డమ్మ వంకాయ మానేసింది. ఒకరోజు పొలంనుంచి వచ్చినప్పుడు చూస్తే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో ఆవిడకి తెలీదు. మైలున్నర ఒంటి చెప్పుతో నడిచొచ్చిన మనిషిని చూసి నేనూ పక్కింటి పిల్లలూ నేలమీద పడి నవ్వేం. దొడ్డమ్మా నవ్వింది. నవ్వుతూనే తన కాలివంక కాసేపు చూసుకుంది.

ఆ వారమే సంతనుంచి వస్తూ బడిగోడ దగ్గర ఆగింది. గోడమీద పచ్చరంగు వేసి నల్లటి అక్షరాలు రాసున్నాయి. దొడ్డమ్మకి చదువు రాదు. "ఏటి రాసేరే అక్కడ?" అంది. స్పర్శ తెలియని మచ్చ కుష్ఠువ్యాధి గుర్తు కావచ్చనీ, త్వరగా చూపించుకుంటే పూర్తిగా నయమవుతుందనీ గడగడా చదివేశాను. నా మనసు చేతిలోని వేడి పకోడీల పొట్లం మీదుంది. దొడ్డమ్మ చీరకొంగు ఎడమచేతిమీదికి లాక్కుంది. మోచేతి కింద పాత మచ్చ ఒకటి ఉండేది, ఎప్పుడో బెల్లం పాకం చిందితే పడింది.

మర్నాటినుంచి ఆవిడ నాకు జడ వెయ్యడం మానేసింది. "పెద్దగుంటవి, నీ జడ నువ్వేసుకోలేవేటి" అంది. తన కంచం, గ్లాసు వేరే పెట్టుకుంది. అన్నం వడ్డించి దూరంగా వెళ్ళి కూర్చునేది. పడక వసారాలోకి మారింది. ఉక్కపోత అని చెప్పింది గాని అప్పటికి మంచు మొదలైపోయింది. మందులవాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతూ మచ్చలున్నాయా అని అడగడానికొస్తే, ఇంట్లో ఎవరూ లేరని చెప్పమని నాకు సైగచేసి పెరట్లోకి పోయింది. నాకేమీ అర్థం కాలేదు. పదిహేడేళ్ళ వయసులో ప్రతిదీ మన గురించే అనిపిస్తుంది కదా. నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. రెండు నెలలు ఓర్చుకుని, ఓ ఆదివారం మధ్యాహ్నం బట్టలు సంచిలో కుక్కుకుని, "మా ఊరెళ్ళిపోతాను" అన్నాను.

దొడ్డమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నన్ను పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"నువ్వెందుకే ఎల్డం, నేనే ఎల్లిపోతాను. నీ పరీచ్చలవనీ."

"ఎక్కడికి?"

"నాకు పెద్దరోగం వొచ్చిందే. కాళ్ళు సచ్చిపోనాయి, నిప్పు తగిల్నా తెలీటం నేదు. మా చిన్నప్పుడు మా మేనత్తకి ఇలాగే వొస్తే ఊరవతల పాకేసి పెట్టేరు. కుండలో అన్నం దూరంనుంచి పెట్టొచ్చీవోళ్ళం. అది సచ్చినా ఎవులూ ముట్టుకోనేదు." నా సంచివంక చూస్తూ అంది. "ఈ ఇంట్లో పెరిగేవని తెలిస్తే రేప్పొద్దున నిన్నెవుడు సేసుకుంటాడే."

తర్వాత వసారాలో మంచం కింద చూస్తే చిన్న మూట ఉంది. రెండు చీరలు, ఒక దువ్వెన, నా పాత ఫొటో ఒకటి. అంతే.

పెదనాన్న డ్యూటీనుంచి రాగానే చెప్పేశాను. ఆయన మాట్లాడే మనిషి కాదు, కాటా దగ్గర రోజంతా బళ్ళవాళ్ళ అరుపులు విని ఇంటికొస్తే నోరు విప్పేవాడు కాదు. కాళ్ళు కడుక్కొచ్చి, దొడ్డమ్మ విడిగా పెట్టుకున్న కంచం తీసి తనముందు పెట్టుకుని, అన్నం తనే వడ్డించుకున్నాడు. "ఒద్దు, అందులో తినకు" అని దొడ్డమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆ చేతిని పక్కకి జరిపి, జరిపిన చేతిని వదలకుండా, రెండో చేత్తో తిన్నాడు. తిన్నంతసేపూ ఆవిడ ఏడుస్తూనే ఉంది. లేస్తూ, "రేపు అనకాపల్లి ఎల్దాం" అన్నాడు.

ముగ్గురం మొదటి బస్సుకి వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు పెద్దాయన, తొందరలేని మనిషి. దొడ్డమ్మని కళ్ళు మూసుకోమని చేతిమీది మచ్చని దూదితో తాకారు. వెంటనే చెప్పింది. పాదాలమీద సూదితో గుచ్చారు. ఆవిడ ఇంకా ఎప్పుడు గుచ్చుతారా అన్నట్టు ఎదురుచూస్తూనే ఉంది. "మచ్చకి స్పర్శ బాగానే ఉందమ్మా. ఇది నువ్వనుకుంటున్న రోగం కాదు" అని రక్తం పరీక్షకి పంపించారు. సాయంత్రానికి తెలిసింది, షుగర్. చాలా ఎక్కువగా ఉంది, ఎన్నేళ్ళనుంచో ఉండుంటుంది, నరాలు అందుకే దెబ్బతిన్నాయి అన్నారు. ఆయన ముఖం గంభీరంగా ఉంది. దొడ్డమ్మ ముఖం మాత్రం పెళ్ళిల్లులా ఉంది.

"సుగరేనట" అని బస్సులో పక్కసీటావిడకి చెప్పింది. కండక్టరుకి చెప్పింది. చోడవరంలో దిగాక మా వీధి చివర్నుంచీ చెప్పుకుంటూ వచ్చింది. "సుగరు ఫేట్రీ ఊళ్ళో కాపరం సేస్తే సుగరు రాక ఏటొస్తాది" అని పక్కింటావిడ అంటే అందరం నవ్వేం. ఆ రాత్రే పెద్ద గిన్నెడు పరమాన్నం వండి, బెల్లం దిట్టంగా వేసి, వీధిలో ఇంటింటికీ పంచింది. తనూ తింది. మేమెవరం వద్దనలేదు. తెల్లారి నా జడ ఎప్పటికన్నా బిగించి వేసింది.

డాక్టరుగారు ఒక కాగితం ఇచ్చారు, తినకూడనివీ చెయ్యాల్సినవీ అచ్చేసినది. చదివి చెప్పడం నా వంతు. అన్నం తగ్గించాలని చెప్పాను. తీపి మానాలని చెప్పాను. మూడోరోజుకే ఆవిడ, "ఇంక సాల్లే, రోగవంటే అది గాని ఇదేటి రోగం" అంది, కాగితం మడిచేశాను. రెండోవైపు పాదాల గురించి ఉంది. వట్టి కాళ్ళతో నడవకూడదు, రోజూ అరికాళ్ళు చూసుకోవాలి అని. అది నేను చదివి వినిపించలేదు. మాత్రలు ఉన్నప్పుడు వేసుకునేది, అయిపోతే నెలల తరబడి తెచ్చుకునేది కాదు.

ఐదారేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళై విశాఖపట్నం వచ్చేశాను. ఓ వేసవిలో చెరకు కొట్టేశాక పొలంలో ఎండాకు కాల్చారు. పైకి ఆరిపోయినట్టున్న ఆ బూడిదలోంచి దొడ్డమ్మ వట్టి కాళ్ళతో గట్టు దాకా నడిచింది. కాలినట్టు ఆవిడకి తెలీలేదు. పొక్కులు చూసుకుని పసుపు అద్దింది. పెదనాన్నకి కూడా చెప్పలేదు. వాసన వచ్చి ఆయన కనిపెట్టేసరికి మూడు వారాలైంది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తెచ్చేసరికి పాదం సగం నల్లబడిపోయింది. మోకాలి కిందికి తీసేశారు. అయినా విషం ఒంటికి పాకింది.

నేను క్యారేజీ పట్టుకుని రోజూ వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం పెదనాన్న మందులకని కిందికి దిగాక, నన్ను దగ్గరికి రమ్మంది. కళ్ళు లోపలికి పోయాయి, ఆ చూపు మాత్రం పాతదే.

"ఒసే, నిజం సెప్పు. అది కాదు గదా?"

ఏది అని అడగక్కర్లేదు. "కాదు దొడ్డా. షుగరే."

"అయితే సాల్లే" అని కళ్ళు మూసుకుంది. నా చెయ్యి తన చేతిలోనే ఉంచుకుంది. నాలుగోరోజు పోయింది.

భయం లేకుండా ఆవిడ బతికిన ఆ ఐదారేళ్ళు చాలా సంతోషంగా బతికింది. అప్పుడే ఆవిడ్ని కాస్త భయపెట్టి ఉంటే ఇంకా ఉండేదేమో. ఏది మేలో నాకు ఇప్పటికీ తేలలేదు. పోయేనాటికి ఆవిడకి నలభై ఏడు. నేనా వయసు దాటి మూడేళ్ళైంది. నాకంటే చిన్నదైపోయిన మనిషిని ఇంకా దొడ్డమ్మ అనే తల్చుకుంటున్నాను. కాలం గడిచేకొద్దీ మన వయసు పెరుగుతుంది గాని, పోయినవాళ్ళతో మన వరస మారదు.