నా గొంతు గుర్తుపట్టిన పాప

నేను, మా ఆయన అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న రోజుల్లో, నెలలు నిండకముందే నాకు పాప పుట్టింది. నారాయణగూడ దగ్గరి ఆసుపత్రిలో దాన్ని అద్దాల పెట్టెలో ఉంచారు. ముక్కులో పాలగొట్టం, నా వేలంత చెయ్యి. ముట్టుకుంటే ఏమవుతుందోనని దూరంగానే నిలబడేదాన్ని. అది నా బిడ్డేనన్న నమ్మకం కూడా కుదిరేది కాదు.

ఒక ఉదయం పెద్ద నర్సమ్మ నన్ను కుర్చీలో వెనక్కి వాలమని చెప్పి, పాపను తెచ్చి నా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. పాప సన్నగా ఏడుపు అందుకుంది.

"ఏమన్న మాట్లాడు బిడ్డా. కడుపుల ఉన్నప్పటి సంది నీ గొంతే ఇన్నది గదా," అంది.

"నాకు జోలపాట గూడ రాదమ్మా."

"ఏదొస్తే అదే చెప్పు."

నాకు నోటికి వచ్చినవి పాఠాలే. కడుపుతో ఉన్నప్పుడు పొద్దంతా పైకి చదివినవే. గోదావరి ఎక్కడ పుట్టి ఏ ఊళ్ల మీదుగా పారుతుందో మెల్లగా చెప్పాను. బాసర దాటకముందే పాప ఏడుపు ఆపింది. ధర్మపురి దగ్గర కళ్లు తెరిచి నావైపు చూసింది.

ఆ తర్వాత రోజూ అట్లాగే పడుకోబెట్టుకున్నాను. ఒకరోజు పాప తనంతట తనే తడుముకుని రొమ్ము అందుకుంది.

"అగో, సొంతంగ తాగుతున్నది!" అని నర్సమ్మ అరిచిన అరుపుకు వార్డంతా ఇటు తిరిగింది.

ఆ ఏడు నేను పరీక్ష రాయలేదు. పాపను గుండెకు హత్తుకుని, చిక్కడపల్లి మీదుగా ఆటోలో, అన్నీ గెలిచినదానిలా ఇంటికి వచ్చాను.